సారె టైర్లు

నిన్న పొద్దున్న కొట్టు తలుపులు తీసి ఇంకా వాకిట్లో నీళ్ళయినా చల్లలేదు, ఒక కొత్త పికప్ బండి వచ్చి ఆగింది. ముందు అద్దానికి బంతిపూల దండ, బానెట్టు మీద పసుపు కుంకుమ. వినాయకుడి గుడి దగ్గర పూజ చేయించుకుని తిన్నగా ఇటే వచ్చినట్టుంది. చక్రాల కింద పెట్టి తొక్కించిన నిమ్మకాయల తొక్కలు టైరు గాడుల్లో ఇంకా ఇరుక్కునే ఉన్నాయి. కొత్త రబ్బరు వాసనా నిమ్మరసం వాసనా కలిసి ముక్కుకి తగిలాయి. ఆ రెండూ కలిస్తే చాలు, నాకు ఒక మనిషి గుర్తొస్తుంది. గుర్తు రావడం ఏమిటి, ఎదురుగా వచ్చి నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడుతుంది. బండాయన దిగి, "గాలి సూడాలమ్మా. టైర్లు కంపెనీవే" అన్నాడు కాస్త గొప్పగా. నా నోరు నన్నడక్కుండానే "సారె టైర్లన్నమాట" అనేసింది. ఆయన తెల్లమొహం వేశాడు. పాపం, ఆయన చోడవరానికి కొత్త. ఆ మాట కనిపెట్టిన మనిషిని ఆయన చూడలేదు.

ఆ మాట నూకరత్నమ్మది. మా వైపు అక్కని అప్ప అంటాం, నేనూ ఆవిణ్ణి అప్పా అనే పిలిచేదాన్ని. ఆవిడ సంగతి చెప్పే ముందు సారె సంగతి చెప్పాలి. మా పల్లెల్లో పెళ్ళికూతురు అత్తారింటికి వచ్చిందంటే వెనకాల పుట్టింటి నుంచి సారె రావాలి. చలిమిడి, అరిసెలు, లడ్డూలు, అరటిపళ్ళు, అవి పెట్టిన కావిళ్ళు వీధంతా చూస్తుండగా దిగాలి, ఇంటింటికీ పంచాలి. మాది రావికమతం దగ్గర పల్లె. నా చిన్నతనంలోనే మా అమ్మ పోయింది. నాన్నకి ఇవేవీ తెలియవు, తెలిసినా ఒక్కడికీ చేతకావు. నేను ఒక ట్రంకుపెట్టెతో చోడవరం వచ్చాను. వీధిలో ఆడవాళ్ళు ముచ్చటకి అడిగారో, దెప్పడానికి అడిగారో గానీ, "సారె ఎప్పుడొస్తాది గౌరీ?" అని అడుగుతూనే ఉన్నారు. మా అత్తగారు మంచిది, నా తరఫున తనే "వస్తాదిలే" అనేది. రాదని ఆవిడకీ తెలుసు. ఆ "వస్తాదిలే" వింటే నాకు నేల చీలితే బాగుండుననిపించేది.

మా ఆయనది చక్కెర ఫ్యాక్టరీలో సీజను ఉద్యోగం. చెరకు ఆడినన్నాళ్ళు జీతం, ఆ తరవాత వెతుకులాట. అందుకని కె.కోటపాడు వెళ్ళే రోడ్డులో టైర్ల కొట్టులో బిల్లులు రాయడానికి మనిషి కావాలంటే వెళ్ళాను. లోపల ఒక పెద్దావిడ స్టూలు మీద కూర్చుని, ఒడిలో టైరు పెట్టుకుని, పసిపిల్లకి నలుగు పెట్టినట్టు దాని మీద అరచేత్తో రాస్తోంది. రెండు ముక్కుపుడకలు, మోకాలి మీదకి ఎగదోపిన నేతచీర. నన్ను ఎగాదిగా చూసి, "కూడికలొచ్చా?" అంది. "డిగ్రీ చదివేనండి" అన్నాను. "డిగ్రీ ఎవులడిగేరే, కూడికలొచ్చా?" అంది మళ్ళీ. వచ్చన్నాను. "అయితే రేపట్నుంచి రా. మధ్యాన్నం తిండి నాతోనే."

ఆ తిండి వండేది ఆవిడ భర్త సత్యంగారు. అది ఆయన తండ్రి పెట్టిన పంక్చర్ల కొట్టు. సత్యంగారికి నలుగురితో మాట్లాడటమంటే జ్వరం. అందుకని ఆయన గరిటె పట్టుకున్నారు, ఈవిడ కొట్టు పట్టుకుంది. పంక్చర్ల కొట్టుని టైర్ల కొట్టు చేసింది. ఊళ్ళో దాని మీద చాలా హాస్యాలు ఉండేవి. ఒకాయన మొహం మీదే అడిగాడు, మగాడు వంట చెయ్యడం ఏమిటని. "కందకి లేని దురద కత్తిపీటకెందుకు నాయినా? ఆయనకి వంటొచ్చు, నాకు టైరొచ్చు. నీకేటొచ్చో సెప్పు, పనిస్తాను" అంది. ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు. సత్యంగారి వంకాయ కూర మాత్రం అడిగి పెట్టించుకుని తిన్నాడు.

మా కొట్టుకి వచ్చేవన్నీ ఎక్కువగా పికప్ బళ్ళే. బెల్లం దిమ్మలు అనకాపల్లి మార్కెట్టుకి వేసుకెళ్ళేవి, చీడికాడ కొండల వైపు నుంచి కూరగాయలు తెచ్చేవి. ప్రతివాడిదీ ఒకటే కోరిక. బండి కొన్నప్పుడు కంపెనీవాడు బిగించి ఇచ్చిన టైరు ఏదో, అరిగాక మళ్ళీ అదే కావాలి. అదే పేరు, అదే నమూనా. వేరేది చూపిస్తే మొహం మాడ్చుకునేవారు. "కంపెనీవోడికి తెలీదేటి?" అనేవారు. ఒకరోజు అలా అన్నవాడితో అప్ప అన్న మాట నేను చెవులారా విన్నాను.

"అది సారె టైరు బాబూ. బండితో పాటు పుట్టింటి నుంచి వచ్చింది. పుట్టింటోలు ప్రేమగానే పెడతారు, వంక పెట్టకూడదు. కుదుపు లేకుండా, సప్పుడు లేకుండా, డీజిలు తక్కువ తాగేలాగ సూసి మెత్తని టైరు పెడతారు. కానీ అత్తారింట్లో నువ్వు ఏ రోడ్డెక్కుతావో, ఏటి మోస్తావో ఆళ్ళకేటి తెలుసు? సారె అయిపోయేక ఎవులింట్లో ఆళ్ళే ఒండుకోవాల. నీ పొయ్యికి తగ్గ గిన్నె నువ్వు సూసుకోవాల."

అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. బిల్లు పుస్తకంలోకి తల దూర్చేశాను. అప్ప కళ్ళకి ఏదీ తప్పిపోదు. జనం వెళ్ళాక, "ఏటే గుంటా, మొకం అలా పెట్టేవు?" అంది. మా వైపు ఆడపిల్లని గుంట అంటారు. చెప్పాను. సారె అన్న మాట వింటేనే నాకు వీధిలో ఆడవాళ్ళ మొహాలు కనిపిస్తాయని చెప్పాను. ఏడ్చాను కూడా. ఆవిడ ఓదార్చలేదు. "రేపట్నుంచి బిల్లులు సత్యం రాస్తాడు. నువ్వు నా పక్కన కూకో" అంది. ఆ ఒక్క మాటతో నా బతుకు మలుపు తిరిగిందని అప్పుడు నాకు తెలియదు. నా మీద జాలిపడి పని మార్చిందనుకుని చిన్నబుచ్చుకున్నాను కూడా.

పక్కన కూర్చోవడమంటే ముందు చూడటం. పాత టైరు తెచ్చి నా ముందు పడేసి, "ఇది ఏటి సెప్తంది?" అని అడిగేది. రెండు అంచులూ అరిగి నడుమ బాగుంటే, గాలి తక్కువతో నడిపాడు, లేదా బరువు ఎక్కువ వేశాడు. నడుమ అరిగి అంచులు బాగుంటే గాలి ఎక్కువ. ఒక్క పక్కే తినేస్తే తప్పు టైరుది కాదు, చక్రం వంకరది. టైరు పక్క గోడ మీద అచ్చుపోసిన నంబర్లలో బరువు సంగతి ఎక్కడుంటుందో వేలు పెట్టి చూపించేది. అలాగని కంపెనీ టైరంటే ఆవిడకి చిన్నచూపు లేదు. ఊళ్ళో రొట్టెలూ బిస్కట్లూ వేసే బండాయన గట్టి టైర్లు కావాలని పట్టుబడితే కసిరేసింది. "నీ బరువుకి, నీ తారు రోడ్డుకి సారె టైరే సుఖం. గట్టిదేస్తే నీ నడుం ఇరుగుద్ది, డీజిలూ తాగుద్ది." పెద్ద బేరం వదులుకుని పాత రకమే అమ్మింది. ఏది మంచి టైరు అని ఎవరడిగినా ఆవిడ జవాబు ఒకటే: "ఏ రోడ్డు? ఏ బరువు?" అవి తెలియకుండా టైరు గురించి నోరు విప్పనిచ్చేది కాదు.

ఇలా ఉండగా దేముడనే బండాయన వచ్చాడు. చీడికాడ అవతల కొండ కింద పల్లె అతనిది. అప్పు చేసి కొన్న పికప్, ఇల్లు నడిచేది దాని మీదే. వెనక టైర్లు మార్చాలి, కంపెనీ పెట్టినవే కావాలి అన్నాడు. అప్ప స్టూలు వెనక్కి జరుపుకుని, "మా గౌరి సెప్తాది" అంది. దేముడు నన్నొకసారి, ఆవిణ్ణొకసారి చూసి, "ఈ గుంటకేటి తెలుసు రత్నమ్మగారూ? స్టీరింగు ముట్టుకుందా ఎప్పుడైనా?" అన్నాడు. "నువ్వు అరిసె ఒండేవా ఎప్పుడైనా? తిని బాగుందో లేదో సెప్పట్లేదా? దాని మాట నా మాటే. అది తప్పు సెప్తే ఈ కొట్టు మీద నా పేరు సెరిపేస్తాను" అంది. జనం ముందు అంది. నా మాట తప్పైతే పోయేది ఆవిడ పేరు.

నేను లేచి ఆ పాత టైర్లు తడిమి చూశాను. రెండు అంచులూ నున్నగా అయిపోయాయి, గాడుల్లో రాళ్ళు కోసిన గాట్లు. గాలి సరిగ్గానే ఉంది. "బరువు ఎక్కువ వేస్తున్నారు" అన్నాను. "నేనెయ్యను" అన్నాడు. "మీరు వెయ్యలేదంటున్నారు, టైరు వేశారంటోంది" అన్నాను. పక్కనున్నవాళ్ళు నవ్వారు. వెనక చక్రాలకి అదే సైజులో ఎక్కువ బరువు తట్టుకునే, అడ్డంగా గట్లు ఉన్న టైర్లు వెయ్యమన్నాను. ముందువి కంపెనీవే ఉంచుకోమన్నాను. గట్టి టైరు వేసినంత మాత్రాన బండికి బలం పెరగదు, బరువు బండి మోసేంతే వెయ్యాలి అని కూడా అన్నాను. ఆఖర్న, "టైరు పక్కన ఎక్కడైనా ఉబ్బు కనిపిస్తే ఇంక ఒక్క అడుగు కూడా కదపకండి" అన్నాను. దేముడు అంతా విన్నాడు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ కదా, లేచి వేరే ఊరు పోయి కంపెనీ రకమే వేయించుకున్నాడు. నాకు అన్నం సయించలేదు. అప్ప మాత్రం రెండోసారి పులుసు పోసుకుంటూ, "మాట మనది, బండి ఆడిది. తిను" అంది.

బెల్లం సీజను వచ్చింది. ఒక మధ్యాహ్నం దేముడు షేరింగు ఆటోలోంచి దిగాడు, చేతిలో టైరు. పక్క గోడ మీద కోడిగుడ్డంత ఉబ్బు. బెల్లం దిమ్మలతో కొండ దారి దిగబోతూ, టీ తాగడానికి ఆగి చూశాడట. నా మాట గుర్తొచ్చి బండి అక్కడే వదిలేశాడట. ఆ దారికి ఒక పక్కంతా లోయేనని మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. అప్పుడు బండిలో అతని భార్య కూడా ఉందట. కొట్లోకి వచ్చి, అప్పని పలకరించనైనా లేదు. "ఆ గుంటుందా?" అన్నాడు.

అప్ప తల ఎత్తింది. "గుంట లేదు" అంది. దేముడి మొహం పాలిపోయింది. అప్పుడు నా వైపు చెయ్యి చూపించి, "గౌరమ్మగారున్నారు. మాటాడుకో" అంది.

నన్ను గారు అన్న మొదటి మనిషి ఆవిడే. ఆ రోజు నా కాళ్ళు నేల మీద ఆనలేదు. ఇప్పుడు రాస్తున్నా ఒళ్ళు పులకరిస్తోంది, సిగ్గెందుకు చెప్పడానికి? దేముడు నేను చెప్పినవే వేయించుకున్నాడు. బరువు కూడా తగ్గించాడు. ఆ తరవాత ఆ పల్లెల నుంచి ఎవరొచ్చినా గౌరమ్మగారు ఉన్నారా అనే అడిగేవారు. అప్ప కొంచెం కూడా అసూయ పడలేదు. "నా కొట్టుకొచ్చి నన్నడగట్లేదు సూసేవా" అని సత్యంగారితో మురిసిపోతూ చెప్పేది.

కొన్నేళ్ళకి నేను సొంతంగా కొట్టు పెట్టుకుంటానని ఆవిడకి చెప్పడానికి నాలుగు రోజులు తటపటాయించాను. చెప్తే, "ఇన్నాళ్ళు ఏటి సేస్తన్నావు?" అని కసిరింది. తలుపులు తీసే రోజు పొద్దున్నే కొట్టు ముందు నేను ముగ్గు వేస్తున్నాను. వీధి మొదట్లో పికప్ హారను మోగింది. దేముడి బండి. వెనక అడ్డగట్ల టైర్లు, కడిగి మెరిసిపోతున్నాయి. బండి నిండా బుట్టలు. చలిమిడి, అరిసెలు, లడ్డూలు, గెలలకి గెలలు అరటిపళ్ళు. ముందు సీట్లో పట్టుచీరలో నూకరత్నమ్మ, మధ్యలో సత్యంగారు. ఆ అరిసెలు ఆయన వండినవే. బండి ముందు మా ఇంటి వీధిలోకి వెళ్ళి వచ్చిందని తరవాత తెలిసింది. "మా గౌరి సారె. కాస్త ఆలీసమయ్యింది" అని ఇంటింటికీ ఆవిడే స్వయంగా పంచిందట. మా అత్తగారు గుమ్మంలో నిలబడి, "వస్తాదని నే సెప్పలేదేటి?" అని అందరితోనూ అందట.

ఏడవకూడదని హాస్యమాడాను. "అప్పా, సారె ఎన్నాళ్ళో ఉండదని నువ్వే కదా చెప్పేదానివి?"

"ఉండదే. అయిపోడానికే ఇస్తారు. అయిపోయేక ఇది ఒండుకోగలదు అని నమ్మకముంటేనే పుట్టింటోలు ధైర్నంగా పంపుతారు" అంది. చలిమిడి బుట్టలో చెయ్యి పెట్టి, గుడ్డలో చుట్టిన తన గాలి మీటరు తీసి నా చేతిలో పెట్టింది.

ఆవిడ పోయి కొంతకాలమైంది. ఆ గాలి మీటరు ముల్లు కూడా ఇరుక్కుపోయింది. గూట్లో దేవుడి పటం పక్కన పెట్టి, పనికి కొత్తది కొనుక్కున్నాను. అప్ప ఉంటే పనికిరానిదానికి పూజేమిటని తిట్టేది. కానీ కొట్లో ఎవరేది అడిగినా నా నోట ముందు వచ్చేది ఆవిడ ప్రశ్నే. ఏ రోడ్డు, ఏ బరువు? టైర్ల విషయంలోనే కాదు, మనుషుల విషయంలోనూ అది అడక్కుండా నేను మాట అనను.

నిన్నటి కొత్త బండాయనకి గాలి చూసి, సారె టైర్లంటే ఏమిటో చెప్పాను. ఉన్నన్నాళ్ళు సుఖంగా వాడుకోండి, అరిగాక రండి, అప్పటికి ఏం మోస్తున్నారో చూసి చెప్తానన్నాను. ఆయనకి ఆ మాట తెగ నచ్చింది. బండెక్కి తాళం తిప్పుతూ, "మా ఇంటిదానికి రెండు కావిళ్ళ సారె వచ్చిందమ్మా, ఊరంతా సెప్పుకున్నారు. మీకో?" అన్నాడు.

"నాకు పికప్పు నిండా వచ్చింది బాబూ" అన్నాను.