అంచు కింద కునుకు

నిన్న హోసూరులో ఒక కొత్త ఫ్లాట్‌లో రంగుల పని ముగించి, హాలు మధ్యలో గోనెసంచి పరుచుకుని వెల్లకిలా పడుకున్నాను. ఆరీ ఆరని రంగు వాసన, వీపుకి చల్లటి గచ్చు. అప్పుడే లోపలికి వచ్చిన ఇంటావిడ బెదిరిపోయింది. "ఏమైందమ్మా, కండ్లు తిరిగినాయా?" అంది. "ఏమీ లేదమ్మా, అంచు చూస్తా ఉండాను" అన్నాను. ఆవిడ నన్నూ పైకప్పునూ మార్చి మార్చి చూసి, నమ్మకం కుదరక నీళ్లు తెచ్చిచ్చింది. ఆవిడ తప్పేముంది? ఈ పడుకునే చాదస్తం నాకు మా మునియప్ప మేస్త్రీ అంటించి పోయాడు.

మేస్త్రీది బాగలూరు. బక్క మనిషి, చెవి వెనక ఎప్పుడూ ఒక బీడీ. నేను ఉద్దనపల్లి నుంచి బస్సెక్కి ఆయన జట్టులో పనికి వచ్చేదాన్ని. ఆడవాళ్లకు అప్పట్లో బ్రష్షు ఇచ్చేవారు కాదు. ఉప్పుకాగితంతో గోడలు రుద్దడం, డబ్బాలు అందించడం, నేల కడగడం, అంతే మా పని. గోడ రంగు పైకప్పు తెలుపును తాకే చోట సన్నగా గీత తీయాలి. దాన్ని అందరూ కటింగ్ అంటారు, ఆయన అంచు అనేవాడు. అది ఆయన తప్ప ఎవరూ ముట్టకూడదు. గది పూర్తికాగానే నేల మీద పడుకుని పైకి చూసేవాడు. అంచు కుదిరితే అక్కడే ఓ కునుకు తీసేవాడు. ఆ గురక వినిపిస్తే మేము సామాను సర్దుకునేవాళ్లం. ఆ మనిషి నోటితో ఎవరినీ మెచ్చుకోగా నేను వినలేదు.

"ఇదేం పరీక్ష మేస్త్రీ?" అని ఒకసారి అడిగాను.

"గోడను నిలబడినోళ్లు చూస్తారు రాజమ్మా. అంచును పండుకున్నోళ్లు చూస్తారు. బాలింతలు, జరమొచ్చినోళ్లు, ముసలోళ్లు. పాపం, వాళ్లకు చూసేదానికి ఇంకేముంది?" అన్నాడు.

గోడ రుద్దుతూ నేను ఆయన చేతినే చూస్తుండటం ఎప్పుడు కనిపెట్టాడో, ఒకరోజు బ్రష్షు నా చేతికిచ్చి స్టూలెక్కమన్నాడు. జట్టులో మగవాళ్లు చేతిలో పని ఆపేశారు. "ఆడోళ్లు అంచు కొట్టేదా మేస్త్రీ?" అని ఒకడు గొణిగాడు. "మీ ఇంటి ముందర ముగ్గు గీసేది ఎవరప్పా, నువ్వా?" అన్నాడు మేస్త్రీ. వాడు తన డబ్బా తీసుకుని పక్క గదిలోకి పోయాడు.

తళి రోడ్డులో ఒక ఇంట్లో తొలిసారి ఒక గదంతా నాకే వదిలిపెట్టాడు. గీత వంకర పోతుందని భయపడి, ఆయన లేని సమయం చూసి టేపు అంటించి కొట్టాను. టేపు లాగితే దారం పట్టినట్టు తిన్నని గీత. ఆయన వచ్చి పడుకున్నాడు. నేను గురక కోసం చెవులు రిక్కించి నిలబడ్డాను. ఆయన కళ్లు మూయనే లేదు. "నిద్ర రాలేదు" అని లేచాడు. "కప్పు నడిమిట్లో కిందికి వంగింది చూడు. నీ గీతేమో బిగదీసుకుని పోయింది. పండుకుని చూస్తే ఇల్లు ఒరిగిపోయినట్టుంది. వంకర గోడతో కొంచెం తోడు పోవల్ల, కొంచెం మన దిక్కు లాగల్ల."

ఆ తర్వాత ఎన్నో ఇళ్లలో అంచులు కొట్టాను. ఆయన పడుకునేవాడు, చూసేవాడు, "పరవాలేదు" అని లేచేవాడు. ఆ మనిషి నా గీత కింద ఒక్కసారి నిద్రపోవాలని ఎంత ఆశపడ్డానో చెప్పలేను.

అంతలో ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. చూద్దామని బాగలూరు వెళితే ఆయన భార్య వెంకటమ్మక్క గుమ్మంలోనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మాత్రలేసినా నిద్రే పోడు రాజమ్మా. పైకి చూస్తా ఉంటాడు. ఏమనుకుంటా ఉండాడో" అంది. నేనూ పైకి చూశాను. ఊళ్లోవాళ్ల ఇళ్లన్నీ తీర్చిన మనిషి, సొంతింటికి ఎవరో హడావిడిగా సున్నం కొట్టిపోతే అలాగే వదిలేశాడు. మంచానికి నేరుగా పైన గోడకున్న నీలం రంగు కప్పు మీదికి మరకలుగా ఎగబాకి ఉంది. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది.

ఆ ఆదివారం స్టూలు, బ్రష్షు పట్టుకెళ్లాను. ఆయన మంచం జరపనివ్వలేదు. నేను గీత లాగుతుంటే ఆయన కళ్లు బ్రష్షు వెంటే వచ్చాయి. "ఒత్తొద్దు" అన్నాడు ముద్దమాటతో. కప్పు వంగిన చోట దానితో కొంచెం పోయాను, కొంచెం నా వైపు లాగాను. చివరి మూలకు వచ్చేసరికి మెడ పట్టేసింది.

"ఎట్లుంది మేస్త్రీ?" అన్నాను, వెనక్కి తిరగడానికి ధైర్యం చాలక. ఇంకోసారి అడగబోతుంటే గురక వినిపించింది.

కాఫీ లోటాలతో వచ్చిన వెంకటమ్మక్క గడప దగ్గరే ఆగి, మాట్లాడొద్దని కళ్లతోనే సైగ చేసింది. ఇద్దరం బయట అరుగు మీద కూర్చుని తాగాం. ఆ లోటా పట్టుకుని నేను వెక్కి వెక్కి ఏడ్చాను. అంత సంతోషం నాకు మళ్లీ కలగలేదు.

మేస్త్రీ పోయి చాలాకాలమైంది. ఇప్పుడు జట్టు నాది, అందులో అంచు కొట్టే ఆడవాళ్లు ఉన్నారు. నిన్న ఇంటావిడ ఇచ్చిన నీళ్లు తాగి మళ్లీ పడుకున్నాను. "బాగానే ఉంది కదమ్మా, ఇంక లే" అంది ఆవిడ. నిజమే, నిలబడి చూస్తే బాగానే ఉంది. కానీ వంటింటి వైపు మూల దగ్గర నా కన్ను ఆగిపోయింది. నిద్ర రాలేదు. లేచి స్టూలు లాక్కున్నాను.