సాక్ష్యం చెప్పిన నోరు

మా బొగ్గు బావిలోంచి పైకి రావడానికి ఒక ఏటవాలు దారి ఉంది. పద్నాలుగేళ్లుగా ఆ దారిని ఎక్కడా ఆగకుండా ఎక్కేవాణ్ణి. ఆ రోజు మాత్రం రెండుసార్లు కూర్చున్నాను. వెనకాల వస్తున్న తోటి కార్మికుడు నవ్వాడు. "ఏందన్నా, పెండ్లికొడుకు లెక్క మెల్లగ నడుస్తున్నవు?" నేనూ నవ్వాను. నవ్వగానే దగ్గు వచ్చింది, ఎంతకూ ఆగలేదు.

మేం భూపాలపల్లిలో కార్మికుల క్వార్టర్లలో ఉంటాం. నా భార్య సునీత పుట్టిల్లు మహబూబాబాద్. మాకు ఒక్కతే బిడ్డ, రూతు. అప్పటికి దానికి ఆరేళ్లు. ఆదివారం చర్చిలో డోలక్ వాయించేది నేనే, శనివారం మగవాళ్ల ప్రార్థనలో మాట్లాడేదీ నేనే. దేవుణ్ణి చిన్నపిల్లల్లా నమ్మాలన్నది నాకు ఇష్టమైన మాట. బీపీ గోలీ వేసుకునే పెద్దమనిషి ఒకాయన ఎదురుగా కూర్చుంటే, నమ్మేవాడికి గోలీ ఎందుకన్నట్టు గొంతు ఇంకొంచెం పెంచి మరీ చెప్పేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

బావిలో పనిచేసేవాడికి దగ్గు మామూలేనని నెలన్నర గడిపాను. సాయంత్రమైతే జ్వరం, పడుకుంటే చెమటలు. ప్యాంటు నడుము మీద నిలవకపోయేసరికి సునీత నన్ను దవాఖానకు లాక్కుపోయింది. ఎక్స్‌రే తీశారు, కఫం పరీక్ష చేశారు. డాక్టరమ్మ రిపోర్టు చూసి, "టీబీ ఉన్నది. ఆరు నెలలు గోలీలు మింగాలె. దగ్గు తగ్గిందని నడుమ ఆపొద్దు," అంది. ఆ చివరి మాట రెండుసార్లు చెప్పింది. నేను రెండుసార్లూ తలూపాను.

రెండు నెలలకు దగ్గు పోయింది, ఆకలి పుట్టింది. మా చర్చిలో పాటలయ్యాక సాక్ష్యాలకు సమయం ఇస్తారు. దేవుడు చేసిన మేలును లేచి నిలబడి అందరి ముందు చెప్పుకోవాలి. ఆ ఆదివారం డోలక్ పక్కన పెట్టి లేచాను. "దేవుడు నా టీబీని పూర్తిగ తీసేసిండు. నా ఒంట్ల ఇప్పుడు ఏ రోగం లేదు," అన్నాను. చప్పట్లు కొట్టారు. ఒక ముసలమ్మ కళ్లు తుడుచుకుంది. 'పూర్తిగ' అనమని నాకెవరూ చెప్పలేదు, నా నోరే అంది. బయటికి వచ్చాక పాస్టరయ్య నన్ను పక్కకు పిలిచి, "గోలీలు నడుస్తున్నయి కదా తమ్మీ?" అని అడిగాడు. నడుస్తున్నాయన్నాను.

తెల్లారి గోలీలు చేతిలోకి తీసుకుంటే మనసు ఒప్పలేదు. లేదని చెప్పిన రోగానికి మందు మింగితే నిన్నటి సాక్ష్యం అబద్ధమైపోదా? సాక్ష్యం చెప్పిన నోటితో గోలీ ఎట్లా మింగేది? నేను ఒట్టి మొండిఘటాన్ని. అన్న మాట వెనక్కి తీసుకోవడం నాకు చేతకాదు. ఆ రోజే ఆపేశాను. సునీత చూడకుండా గోలీల అట్టలు డోలక్ సంచిలో కుక్కాను. తర్వాత దవాఖానలో ఇచ్చినవీ అందులోకే పోయాయి.

మూడు నెలలు బాగానే ఉన్నాను. దాన్నే విశ్వాసం అనుకున్నాను. ఒక ఆదివారం పాట మధ్యలో దగ్గు వచ్చింది. డోలక్ మీద రక్తం పడింది. ఇంటికొచ్చి సునీత దాన్ని తుడిచి సంచిలో పెట్టబోయింది. అట్టలు తగిలాయి. సంచి తిరగేసి, కింద కూర్చుని, అన్నీ ఒడిలోకి ఏరుకుంది. అరుస్తుందనుకున్నాను, అరవలేదు.

"పిల్ల నీ పక్కల్నే పండుకుంటది కదయ్యా," అంది.

మళ్లీ పరీక్షలు చేశారు. "నడుమ ఆపినవా?" అని డాక్టరమ్మ అడిగింది. ఆపానని చెప్పాను. "రిఫాంపిసిన్ అని అసలు గోలీ, అది నీకు పనిచేస్తలేదు. ఇది ఎండీఆర్ టీబీ, మామూలు మందులకు లొంగది," అంది. వరంగల్ పంపారు. ఈసీజీ తీసి, రక్తం చూసి, వేరే గోలీలు మొదలుపెట్టారు. అరికాళ్లలో నిప్పులు పోసినట్టు మంట. ఒక గోలీ తగ్గించారు, మంట తగ్గలేదు. మరో గోలీకి ఒళ్లంతా నల్లబడింది. సునీత రూతును తీసుకుని మహబూబాబాద్ పోయింది. ఇంట్లో నేనూ నా డోలక్కూ మిగిలాం. నేను దాన్ని ముట్టుకోలేదు.

నా కఫంలో క్రిములు పోయాయని డాక్టర్లు చెప్పిన వారంలోనే సునీత ఫోన్ చేసింది. "రూతు మెడకాడ గడ్డ లేచింది. నొప్పి లేదంటది. నాకు భయమైతుంది," అంది. సూదితో గడ్డలోంచి తీసి పరీక్షకు పంపారు. నాలో ఉన్నదే దానిలోనూ ఉందని రిపోర్టు వచ్చింది.

"బతుకుతదా మేడం?" అని డాక్టరమ్మను అడిగాను.

"మందులు ఒక్కరోజు తప్పకుంట మింగితే బతుకుతది. తలూపుడు కాదు, నోటితోని చెప్పు, మింగిపిస్తనని." చెప్పాను.

ఆ రోజుల్లో ప్రార్థన చేయడం నా వల్ల కాలేదు. దేవుడి మీద కోపం కాదు, ముఖం చెల్లలేదు. నేను చర్చికెళ్లడం మానేస్తే పాస్టరయ్యే ఇంటికొచ్చి, వాక్యమేమీ చెప్పకుండా గంటసేపు కూర్చుని పోయాడు.

సునీత, రూతు ఇంటికొచ్చాక మొదటి గోలీలు నేనే నలిపి నీళ్లలో కలిపాను. రూతు నా ముఖం చూసి, "ఇంకా బొగ్గు కడుక్కోలేదా బాపూ?" అని నవ్వింది. తర్వాత గ్లాసు వైపు చూసింది.

"చేదుంటదా?"

"చేదే బిడ్డా. మస్తు చేదు."

"నువ్వే ఇస్తున్నవు కదా," అని గటగటా తాగేసింది. ముఖం ముడుచుకుంది, కళ్లలో నీళ్లొచ్చాయి, అయినా గ్లాసు ఖాళీ చేసి నా చేతిలో పెట్టింది.

చిన్నపిల్లల నమ్మకం గురించి ఎన్ని శనివారాలు మాట్లాడానో. పిల్లల నమ్మకమంటే చేదు లేదనడం కాదు, ఇచ్చే చేతిని నమ్మి చేదు మింగడం. అది నాకప్పుడు తెలిసింది. దేవుడు డాక్టరమ్మ చేత్తో ఇచ్చినదాన్ని నేను సంచిలో దాచి, దానికి విశ్వాసమని పేరు పెట్టుకున్నాను. నా బిడ్డ నమ్మిన ఈ చెయ్యే దానికి రోగం అంటించింది. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. పోవాలని అడగను కూడా.

మొన్నొక ఆదివారం మళ్లీ సాక్ష్యానికి లేచాను. మొదటిది అబద్ధమని చెప్పాను, డోలక్ సంచి సంగతీ చెప్పాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బయట బీపీ ఉన్న ఆ పెద్దమనిషి నా భుజం మీద చెయ్యి వేసి, "నేను గూడ ఆపిన తమ్మీ. మళ్ల షురూ చేస్త," అన్నాడు. నన్ను నమ్మి ఆయన ఎప్పుడు ఆపాడో అడిగే ధైర్యం లేకపోయింది.

నా కోర్సు అయిపోవడానికి నెల ఉంది, రూతుకు ఇంకా చాలా ఉంది. గడ్డ చిన్నదైంది, పూర్తిగా పోలేదు. ఈ మధ్య రూతే అడిగింది, "ఇది నాకెట్ల వచ్చింది బాపూ?" అని. అబద్ధం చెప్పలేదు.

"నా నుంచే బిడ్డా. నేను నడుమల గోలీలు ఆపిన."

"అయితే ఇగ నువ్వు నా ముందటనే మింగు," అంది.

నాలాంటి అన్నలకూ తమ్ముళ్లకూ నేను చెప్పేదీ అదే. ప్రార్థన చేసుకోండి, గోలీ మాత్రం ఇంట్లో ఒకరి కళ్లెదుట మింగండి. మా ఇంట్లో రోజూ పొద్దున నోరు తెరిచి, నాలుక పైకెత్తి రూతుకు చూపించాలి. అది వంగి, చూసి, "ఊఁ, మింగిండు," అని వాళ్లమ్మకు సాక్ష్యం చెప్పాకే నాకు చాయ్.