సర్వర్ కోసం వేసిన చీట్లు

మా చర్చి సంఘం పిల్లలు ఫోన్లలో దిమ్మెలు పేర్చి ఇళ్లు కట్టే ఆట ఆడతారు. తల్లిదండ్రుల వెంట బొంబాయి పనికి పోయిన పిల్లలు మిగతావాళ్లను కలుసుకునేది ఆ ఆటలోనే. కానీ ఆ ఆటను కలిపి నడిపే కంప్యూటర్, అంటే సర్వర్, ముక్కూ మొహం తెలియనివాళ్లది. అక్కడ ఎవడో మా ఆదివారపు బడి పిల్లను ఫొటో పంపమన్నాడు. వాళ్లమ్మకు చెప్పాను గానీ, ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు.

పెద్దమందడి మందిరంలో, గోడ మీద పాటలు చూపించే పాత కంప్యూటర్ ఒకటి మూలన పడి ఉంది. దాన్నే మా పిల్లలకు సర్వర్ చేద్దామంది వనపర్తిలో పాలిటెక్నిక్ చదివే నా మేనకోడలు. దాని ర్యామ్, అంటే పని చేసేటప్పుడు వాడుకునే మెమరీ, తక్కువ కాబట్టి తేలికైన ఆపరేటింగ్ సిస్టమ్ కావాలంది. ఏది ఎంచాలో తోచక, మా అలవాటు చొప్పున ఉపవాసముండి ప్రార్థించి, రెండు సిస్టమ్‌ల పేర్లు రాసి చీట్లు వేశాం. వచ్చినదాన్ని ఎక్కించాం.

నలుగురు చేరేసరికే ఆట బిగుసుకుపోయింది. ర్యామంతా బొమ్మలు చూపే రంగుల తెరే తినేస్తోందని, నల్ల తెర మీద అక్షరాలు మాత్రమే ఉండే లినక్స్ వేద్దామని మేనకోడలు పట్టుబట్టింది. నేను వద్దన్నాను. దేవుని ముందు ఎత్తిన చీటిని తోసెయ్యడమా? బైబిల్లో దేవుని మందసం మీద చెయ్యి వేసి అక్కడికక్కడే కూలి చచ్చిన మనిషి గుర్తొచ్చాడు.

"చీటి ఎత్తితే ర్యామ్ పెరుగుతదా అత్తా?" అంది. "పిల్లలు మల్ల ఆ సర్వర్‌కే పోతుండ్రు. గా సంగతి చూడు జర."

నిజమే. ఎవడో ఫొటో అడిగిన ఆ పిల్ల కూడా మళ్లీ అక్కడికే వెళ్లింది.

మా పాస్టరు అయ్యగారి దగ్గరికి వెళ్లాను. ఆయనకు కంప్యూటర్ల సంగతి తెలియదు. అంతా విని, చీట్ల మీద ఏమేం రాశారని మాత్రం అడిగారు. రెండూ రంగుల తెరవేనని, ఆ నల్లదాన్ని చూస్తేనే భయమేసి నేనే రాయనియ్యలేదని చెప్పాను.

"రాయనిదాని మీద చీటి ఎట్ల పడ్తదమ్మా? భయపడి నువ్వే తలుపేసినవ్. ఆయన ఏం జెయ్యాలె?"

ఆ మాటతో మందిరానికి వెళ్లానే గానీ భయం పోలేదు. పాటలన్నీ వేరే చోట దాచాక, డిస్క్ మొత్తం చెరిగిపోతుంది, సరేనా అని యంత్రం అడిగింది. మేనకోడలు కీబోర్డు నా వైపు జరిపింది. ప్రార్థన కూడా నోట రాలేదు. నొక్కాను.

మధ్యాహ్నానికి పిల్లలు చేరడం మొదలుపెట్టారు. ఒక్కొక్కరు రాగానే నల్ల తెర మీద వాళ్ల పేరుతో ఒక్కో వరుస పడుతోంది. బొంబాయి పిల్లలూ వచ్చారు. ఆట ఎక్కడా ఆగలేదు. మేనకోడలు సంతోషంగా లేచి టీ పెట్టబోయింది.

ఎవడో ఫొటో అడిగిన ఆ పిల్ల వరుస మాత్రం పడలేదు. నేను చెప్పులు వేసుకుని వాళ్లింటికి నడిచాను.