కాళ్ల డాక్టరు

కోకాపేటలో తాను ఉంటున్న టవరులో భార్గవి ఏం డాక్టరో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఎవరైనా అడిగితే ‘షుగర్ స్పెషలిస్టు’ అనేది. అది పూర్తిగా అబద్ధం కాదు గనక నోట్లోంచి సులువుగా వచ్చేసేది.

ఆదివారం పొద్దున చేవెళ్ల దాటాక మాత్రం ఆమె వేరే మనిషి. ఏ ఊరి పంచాయతీ ఆఫీసులోనో చిన్న పీట వేసుకుని కూర్చుని, ముసలి రైతు పాదాన్ని ఒళ్లోకి తీసుకుని, ఆనెలు చెక్కి, వేళ్ల సందులు తుడిచి చూసేది. “కాళ్లకు గూడ డాక్టరుంటదా?” అని ఎవరైనా నవ్వితే ఓపికగా చెప్పేది: షుగరు ముదిరితే పాదాలు మొద్దుబారతాయి, ముల్లు దిగినా తెలియదు, తెలిసేసరికి కాలే పోతుంది. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ పాదాలకు ఒక గది ఉండాలని అధికారుల చుట్టూ తిరిగేది.

అంత గొంతు ఇంటికొచ్చేసరికి ఏమైపోయేదో! ఎంబీబీఎస్ అయ్యాక ఈ చదువు ఎంచుకున్నప్పుడు కదిరిలో నాన్న నారాయణప్ప, “గుండె డాక్టరయితావనుకుంటే, ఊళ్లోవాళ్ల కాళ్లు పట్టుకునే పనేందమ్మా?” అన్నాడు. పెళ్లయ్యాక భర్త చైతన్య ఏమీ అనలేదు గానీ, స్నేహితులకు పరిచయం చేసేటప్పుడు ‘డాక్టర్’ దగ్గరే ఆగేవాడు. ఆగడం ఆమె కూడా నేర్చుకుంది.

ఒక శనివారం సాయంత్రం చైతన్య మేనేజరు సురేంద్ర, అతని భార్య సంయుక్త భోజనానికి వచ్చారు. వాళ్లను సాగనంపడానికి కింద లిఫ్ట్ దగ్గరకు వచ్చినప్పుడు, అక్కడ నేల తుడుస్తున్న ఆమె గబగబా ఎదురొచ్చింది. భార్గవి ఆమెను వెంటనే గుర్తుపట్టింది. పేరు సీతాబాయి. అన్న బాలనర్సయ్యను ఆదివారం క్యాంపుకు తీసుకొచ్చిన మనిషి. కాలు తీసేయాల్సిందేనని వేరే డాక్టర్లు చెప్పిన బాలనర్సయ్య పుండును భార్గవే మాన్పింది. అప్పుడే సీతాబాయికి కూడా షుగరుందని తెలిసి, “నొప్పి లేని పుండు కనబడితే ఒక్కరోజు కూడా ఆగకు, నా దగ్గరికి రా” అని పదేపదే చెప్పింది.

“డాక్టరమ్మా, నువ్వీడనే ఉంటవా! నా కాలు గూడ జర చూడమ్మా. బొటనవేలు కింద పుండయింది. నొప్పయితే లేదు గానీ, చెప్పు తడుస్తున్నది.”

నొప్పి లేదు, చెప్పు తడుస్తున్నది. ఆ రెండు మాటలు చాలు, లోపల ఏం జరుగుతోందో భార్గవికి తెలియడానికి.

సంయుక్త చీర కుచ్చిళ్లు కొంచెం పైకి పట్టుకుని వెనక్కి జరిగింది. “కాళ్లు కూడా చూస్తారా అండీ మీరు?” అని నవ్వింది. చైతన్య కూడా ఇబ్బందిగా నవ్వాడు.

“నువ్వు ఎవరినో చూసి నేననుకుంటున్నావమ్మా. ఏదైనా దవాఖానకు పోయి చూపించుకో” అంది భార్గవి.

సీతాబాయి ఆమె ముఖంలోకి చూసింది. “అయ్యుంటది మేడం” అని పక్కకు తప్పుకుంది.

తెల్లారి వెతికి మాట్లాడాలనుకుంది భార్గవి. వెళ్లలేదు. కొత్తగూడలోని క్లినిక్‌లో రద్దీ అని తనకు తాను చెప్పుకుంది. నిజానికి ఆ కళ్లకు ఎదురుపడాలంటే భయం. ఆ తర్వాత లిఫ్టు వైపు కాకుండా పార్కింగు మెట్ల మీదుగా రాకపోకలు సాగించింది. కొన్నాళ్లకు అక్కడ వేరే ఆమె తుడుస్తూ కనబడింది.

“సీతాబాయా? పాదం సగం తీసేసిన్రంట మేడం. నానక్‌రామ్‌గూడల ఉంటది పాపం” అంది ఆమె.

భార్గవి ఆ రోజే వెళ్లింది. అద్దాల భవనాల వెనక సందులో ఇరుకు గది. తలుపు తీసింది బాలనర్సయ్య. ఆమెను చూడగానే అతని ముఖం విప్పారింది.

“సీతా, ఎవరొచ్చిన్రో చూడు! నా కాలు నిలబెట్టిన డాక్టరమ్మ! నేను జెప్పలే, ఈమెకు జూపిస్తే నీ కాలు గిట్ల గాకపోవునని?” అంటూ ఉన్న ఒక్క కుర్చీ తుడిచి వేసి, చాయ్ తెస్తానని బయటికి పోయాడు.

అతనికి ఏమీ తెలియదు. సీతాబాయి చెప్పలేదు. అది అర్థమయ్యాక భార్గవికి ఆ కుర్చీలో కూర్చునే ధైర్యం రాలేదు. మంచం పక్కన నేల మీద కూలబడింది.

“ఆ రోజు నువ్వు చూసింది నన్నే, సీతాబాయీ. తెలిసే అబద్ధం చెప్పినాను.”

“తెలుసు మేడం. గొంతు యాదుంది నాకు.” కట్టు కట్టిన పాదం వైపు చూస్తూ మెల్లగా అంది. “పని బట్టల మీద, నలుగురిల కాలు జూడమని అడుగుడు నాదే తప్పనుకున్న. సిగ్గయింది. గందుకే మళ్ల ఎవ్వరినీ అడగలే.”

తిట్టినా బాగుండేది. తన సిగ్గు వెళ్లి ఈమెకు అంటుకుందని, పాదాన్ని తిన్నది షుగరు ఒక్కటే కాదని భార్గవికి తెలిసొచ్చింది.  క్షమించమని ఏ ముఖం పెట్టుకుని అడుగుతుంది?

“కట్టు మార్చనా?” అని మాత్రం అడిగింది.

 సీతాబాయి కాలు కొంచెం ముందుకు జరిపి, ముఖం గోడ వైపు తిప్పుకుంది.

పుండు మానేదాకా భార్గవి వెళుతూనే ఉంది. మిగిలిన పాదానికి సరిపడే చెప్పు చేయించింది. చాయ్ తాగుతూ ఒకరోజు బాలనర్సయ్యకు తనే అంతా చెప్పేసింది. అతను గ్లాసు కింద పెట్టి బయటికెళ్లాడు. మళ్లీ ఆమె ఉండగా లోపలికి రాలేదు.

టవరు కమ్యూనిటీ హాలులో పనివాళ్లకూ వాచ్‌మన్లకూ పాదాలు చూడటం మొదలుపెట్టింది. బయట ‘కాళ్ల డాక్టరు’ అని పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టించింది. చైతన్య దాన్ని ఒకసారి చదివి లిఫ్టు వైపు నడిచాడు. ఆరోగ్య శాఖ సమావేశంలో ఒక అధికారి, “ఇంత అవసరమైన వైద్యమైతే జనానికి ఎందుకు తెలియదు?” అని అడిగినప్పుడు, “మేము చెప్పుకోం కాబట్టి సార్. నేను నా బిల్డింగులోనే దాచిపెట్టాను. దానివల్ల ఒకామెకు సగం పాదం పోయింది” అంది.  ఆమె అడిగిన గదులేవీ మంజూరు కాలేదు గానీ, చేవెళ్ల వైపు ఒక కేంద్రంలో వారానికి ఒక పూట గది వాడుకోమన్నారు.

సీతాబాయి ఇప్పుడు అదే టవరులో పార్సిళ్ల గదిలో కూర్చుని పనిచేస్తోంది. భార్గవి వెళితే డబ్బా తీసిస్తుంది, పాదం ఎలా ఉందంటే బాగానే ఉందంటుంది. ఇద్దరి మధ్యా అంతే మాట. ప్రతిసారీ ముందుగా కళ్లు దించుకునేది భార్గవే.