అన్నయ్యకు చేరవేయని మాట

ఇరవై ఏళ్లకు పైగా ఒక మాటను లోపలే మోస్తున్నాను. ఎవరూ నిలదీయలేదు. అందుకేనేమో, బరువు తగ్గలేదు.

అన్నయ్య కొత్తపేటలో దస్తావేజులు రాసేవాడు. తొంభైల చివర్లో అతనికి బైపాస్ చేయాలన్నారు. నేను మస్కట్ నుంచి సెలవు మీద వచ్చి, హైదరాబాద్ ఆసుపత్రిలో దగ్గరున్నాను.

ముందురోజు డాక్టరుగారు నన్ను పిలిచి, కాగితం మీద గుండె బొమ్మ గీసి చెప్పారు. గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం లోపల సున్నంలా గార కట్టింది. మామూలు పద్ధతిలో గుండెను ఆపి, ఆ నాళాన్ని క్లాంపుతో బిగించాలి. అప్పుడు పెచ్చు ఊడి మెదడుకు పోతే పక్షవాతం రావచ్చు. గుండె కొట్టుకుంటుండగానే, ఆ నాళం జోలికి పోకుండా కుట్టే పద్ధతి ఉంది. ముప్పు పూర్తిగా పోదు గానీ తగ్గవచ్చు. అది చేసే సర్జన్ మూడు వారాలకు గానీ రారు. అన్నాళ్లు ఆగవచ్చు.

"మీ అన్నయ్యగారికి చెప్పండి. ఆయన్నే తేల్చుకోమనండి" అన్నారు.

నా సెలవు ఇంకా పది రోజులే ఉంది.

గదిలోకి వెళ్లగానే అన్నయ్య అడిగాడు. "ఏవంటన్నార్రా డాక్టరుగారు?"

"ఏం లేదన్నయ్యా. మామూలేనంట."

"మామూలు నీకురా. కోసేది నన్ను కదా" అని నవ్వాడు.

సాయంత్రం డాక్టరుగారు వరండాలో ఎదురై, "చెప్పారా?" అన్నారు. "ఆయ్" అన్నాను. మా వైపు వింటున్నామనడానికీ అదే అంటాం, అవుననడానికీ అదే అంటాం. ఆయన అవుననే అనుకున్నారు. నేను దిద్దలేదు. డాక్టరుగారితో అబద్ధమాడలేదు కదా అని ఇన్నేళ్లూ ఆ ఒక్క మాట చాటున దాక్కున్నాను.

ఆపరేషన్ తర్వాత అన్నయ్య కుడిచెయ్యి లేవలేదు. మాట ముద్దగా వచ్చింది. ఆగి ఉన్నా ఇలాగే జరిగేదేమో. కావచ్చు. కానీ నా తప్పు పక్షవాతం కాదు. తన ఒంటి గురించి తను తీసుకోవలసిన నిర్ణయాన్ని, నా విమానం టిక్కెట్టు కోసం నేను తీసుకున్నాను. ఆగితే నా ఉద్యోగం పోయేదా? మహా అయితే మేనేజరు విసుక్కునేవాడు.

అన్నయ్య మరో తొమ్మిదేళ్లు బతికాడు. మళ్లీ దస్తావేజు రాయలేదు. "మా మరిదిగారు దగ్గరుండి చూసుకోబట్టే ఈయన దక్కేరండి" అని వదిన వచ్చినవాళ్లందరికీ చెబుతుంటే తల దించుకునేవాణ్ణి. అది వినయం అనుకునేవారు.

వదినకు ఇంకా చెప్పలేదు. చెబుతానని మీకు మాట కూడా ఇవ్వలేను. అన్నయ్యకు తెలియవలసింది నాకు తెలుసు. నేను చెప్పలేదు. ఈ రెండు వాక్యాలు బయటికి రావడానికి ఇంతకాలం పట్టింది. క్షమించమని అడగడం లేదు. వచ్చాయి, అంతే.