ఆమె ఆలస్యంగా రాలేదు

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అనడం కూడా పూర్తి నిజం కాదు. దాని బరువు ఎక్కువగా మోసింది ఇంకొకామె. నేను దాన్ని ఆమె నెత్తిన పెట్టి, జీతం తీసుకుంటూ, ఇంటికెళ్లి పుస్తకాలు చదువుకుంటూ, మంచి సిస్టర్ అనిపించుకుని రిటైరయ్యాను. మీరెవరో నాకు తెలియదు. తెలియనివాళ్లకు చెప్పడమే ఇప్పటికి నాకు చేతనైంది.

భద్రాచలం అడవి అంచున ఒక సర్కారు దవాఖానాలో, కాన్పుల గదిలో స్టాఫ్ నర్సుగా చేశాను. పుట్టింది పెనుబల్లి వైపు. అడవి ఊళ్ల నుంచి వచ్చే ఆడవాళ్లను మేము పేరు పెట్టి పిలిచేవాళ్లం కాదు. 'ఏజెన్సీ కేసొచ్చింది' అనేవాళ్లం. అందులో తప్పుందని నాకెప్పుడూ తోచలేదు. ఎందుకు తోచలేదు? నేను చదువుకున్నదాన్ని కదా?

ఆ రోజు పొద్దున పదింటికి ఒక కోయ అమ్మాయి తల్లితో కలిసి వచ్చింది. తొలిచూలు. నొప్పులు మొదలై రెండు గంటలైందేమో. తన కాళ్ల మీద తాను నడిచి వచ్చింది. రావాల్సిన వేళకే వచ్చింది.

తల్లిని గది బయటే ఆపేశాం. అది మా పద్ధతి. వాళ్ల ఊళ్లో కూర్చొని కంటారు, దూలానికి కట్టిన తాడు పట్టుకుని, వెనక తల్లి ఆనుకుని ఉండగా. ఈ అమ్మాయికి వెనక ఎవరూ లేరు. నొప్పి వచ్చినప్పుడల్లా బల్ల దిగి నేల మీద గొంతుక్కూర్చునేది. రెండుసార్లు ఎక్కించాం. మూడోసారి దిగినప్పుడు తొడ మీద కొట్టాను. అరిచింది. చెంప మీద కొట్టాను.

"మొగుని పక్కన పండుకున్నప్పుడు లేని నొప్పి ఇప్పుడొచ్చిందా? ఇంకోసారి నోరు తెరిస్తే బయటికి గెంటుతా" అన్నాను. గదిలో నాకు సాయంగా ఉండే ఆయా నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ తర్వాత ఆ అమ్మాయి నోరు తెరవలేదు. బిడ్డ బయటికొచ్చే క్షణంలో కూడా పైట కొంగు పళ్ల మధ్య పెట్టుకుంది. ఆడపిల్ల. మాయ కూడా పడింది. కాన్పు సులువుగా అయిందనుకున్నాం. అప్పుడు ఆమె తల్లిని లోపలికి రానిచ్చాం.

కాన్పయ్యాక మొదటి రెండు గంటలు, పదిహేను నిమిషాలకోసారి బాలింతను చూడాలి. నాడి చూడాలి. గుడ్డ ఎంత తడిసిందో చూడాలి. గర్భసంచి గట్టిపడిందో లేదో పొత్తికడుపు మీద చెయ్యి వేసి చూడాలి. చూసి, కాగితం మీద ఒక్కో గడి నింపాలి. నేను మొదటిసారి చూశాను. బాగానే ఉంది. తర్వాతి నాలుగు గడులూ అక్కడే నిలబడి నింపేశాను. అందరం అలాగే చేసేవాళ్లం. అన్నం తినడానికి వెళ్లాను.

టిఫిన్ బాక్సు మూత తీశానో లేదో, ఆ అమ్మాయి తల్లి తలుపు దగ్గరికి వచ్చింది.

"సిస్టరమ్మా, పిల్ల పలుకుతలేదు."

"మంచిదే. ఇప్పటికి నోరు మూసింది. పండుకోనియ్యి."

"పిలిస్తే కండ్లు తెరుస్తలేదమ్మా."

"కన్నది కదా, అలిసిపోదా? నువ్వు కనలేదా ఏంది? పో, బయట కూసో."

ఆమె వెళ్లి కూర్చుంది. నేను మొత్తం అన్నం తిన్నాను. చివరి ముద్ద దాకా. వెళ్లి చూసేసరికి పరుపు తడిసి కిందికి కారుతోంది. డాక్టరుగారు పరిగెత్తుకొచ్చారు. రక్తం ఎక్కించేలోపే పోయింది.

పని ఎక్కువని చెప్పొచ్చు. అది నిజమే, ఆ గదిలో ఇద్దరమే ఉండేవాళ్లం. కానీ కొట్టడానికి తీరిక దొరికిన చేతికి, పొత్తికడుపు మీద వేయడానికి తీరిక దొరకలేదా? ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. అడగరని నాకు తెలుసు. ఏజెన్సీ కేసు కదా.

విచారణ జరిగింది. నేను చెప్పింది ఇది: ఒంట్లో రక్తం తక్కువ, ఇంటి దగ్గర ఆలస్యం చేశారు, పేషెంట్ సహకరించలేదు. నింపిన గడులన్నీ సరిగ్గా ఉన్నాయి. అధికారి తల్లి వైపు తిరిగి, "ఎందుకమ్మా గంత లేటు చేసిన్రు?" అన్నాడు. ఆమె చాలాసేపు ఆలోచించింది. తన తప్పు కోసం వెతుక్కుంది. దొరికింది.

"అవ్ సారూ. బయలెల్లే ముందు బిడ్డ ఆకలంటే జావ కాసి తాగిచ్చిన. గందుకే లేటైంది."

అందరూ తలలూపారు. నేనూ ఊపాను.

ఇక్కడితో అయిపోయి ఉంటే, ఈ కాగితం రాసేదాన్ని కాదేమో. రిటైరయ్యే ముందు ఏడాది, వార్డు వరండాలో ఆ తల్లి మళ్లీ కనబడింది. చాప పరుచుకుని కూర్చుంది. పక్కన నిండు చూలాలు ఒకతి. నన్ను చూసి లేచి దండం పెట్టింది.

"మా ఊరి పిల్ల, సిస్టరమ్మా. ఇంకా పది రోజులుందట. మా ఊళ్లె ఎవరికి కాన్పున్నా నేనే జల్దీ తోలుకొస్త. నా లెక్క లేటు చెయ్యద్దని అందరికి చెప్త." తర్వాత ఆ పిల్లతో అంది: "ఈ అమ్మలు ఏమన్నా పడాలె. కొట్టినా సప్పుడు చెయ్యకు."

"మంచి పని చేస్తున్నవ్" అని చెప్పి లోపలికి వెళ్లిపోయాను.

ఆ మాట గుర్తొస్తే నా మీద నాకు అసహ్యం పుడుతుంది. నా అబద్ధాన్ని నమ్మి ఆమె ఒక్కొక్క ఆడపిల్లనూ తెచ్చి మా చేతుల్లో పెడుతోంది, దెబ్బలు ఓర్చుకోమని నేర్పి మరీ. ఆ చేతులు ఎలాంటివో చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే. ఆమె నా ముందే నిలబడింది. అయినా చెప్పలేదు. దేనికి భయపడ్డాను? ఉద్యోగానికా? పింఛనుకా? లేక ఆ దండం పోతుందనా?

ఆమె ఊరికి బస్సుంది. ఇంకా ఎక్కలేదు. ఎక్కుతానని ఇక్కడ రాస్తే అది ఇంకో నింపిన గడి అవుతుంది. అందుకే రాయను. మన్నించమని మిమ్మల్ని అడగను. మన్నించడం మీ చేతిలో లేదు. ఆ తల్లి మన్నించినా, చనిపోయిన అమ్మాయి ఇవ్వాల్సిన మన్నింపు ఎవరిస్తారు?

జరిగింది మాత్రం ఇది. నేను ఆ అమ్మాయిని కొట్టాను. నోరు మూయించాను. చూడకుండానే చూసినట్టు రాశాను. ఆ తప్పును ఆమె తల్లి మీద వేశాను.

ఈ నాలుగు మాటలూ నా చేత్తో రాయడం ఇదే మొదటిసారి. ఊపిరి కొంచెం ఆడుతోంది. ఆడుతున్నందుకు సిగ్గుగా ఉంది.