ముందు చూడని డ్రైవరు

బస్సు నడిపినవాణ్ణి పట్టుకుని, దారికి వీపు పెట్టి కూర్చోవయ్యా అంటే ఒళ్ళు మండదా? మన డ్రైవరుకు మండింది.

ఆయన వయసంతా స్టీరింగు వెనకే గడిచింది. డాబా మీద నీళ్ళ ట్యాంకు కడగబోయి జారిపడ్డ రోజు నుంచి ఆయనకూ, నడుము కింద ఒంటికీ మాటల్లేవు. ఇక మిగిలింది మంచం, ఎదురుగా గోడ, గోడ మీద ఓ తడి మరక. పలకరించడానికి వచ్చినవాళ్ళతో "ఏముంది, బండి షెడ్డుకి పోయింది" అని నవ్వేవాడు. వాళ్ళు వెళ్ళాక గోడవైపు తిరిగి పడుకునేవాడు. అలా రెండేళ్ళు.

వాళ్ళక్క ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. ఓ సాయంత్రం అక్కణ్ణుంచే ఈ కబురు మోసుకొచ్చింది.

"నది దగ్గర పడవలు నడపడం నేర్పుతున్నారటరా. నీలాంటివాళ్ళ కోసమే."

"నాలాంటివాళ్ళంటే?"

"మొండివాళ్ళు."

వారం తిరక్కుండా కుర్చీలో కూర్చోబెట్టి తోసుకుంటూ తీసుకెళ్ళింది. పడవల షెడ్డులో వార్నిషు వాసన, తడి తాళ్ళ వాసన. సన్నటి పొడుగాటి పడవలు అరల మీద బోర్లించి ఉన్నాయి. గోడకు ఆనించి రెండు పెట్టుడు కాళ్ళున్నాయి, బూట్లతో సహా. వాటి యజమాని నది మధ్యలో ఈల వేసుకుంటూ పోతున్నాడు. డ్రైవరు ఆ కాళ్ళనోసారి, నదినోసారి చూశాడు. కాళ్ళు ఒడ్డున వదిలేసి మనిషి అంత దూరం పోవచ్చని ఆయనకు ఎవరూ చెప్పలేదు మరి.

అక్కడిదాకా బాగానే ఉంది. చెక్క పలక మీదుగా ఆయన్ని కుర్చీలోంచి పడవలోకి జార్చారు, ఛాతీకి బెల్టు కట్టారు, రెండు చేతులకీ రెండు తెడ్లు ఇచ్చారు. అప్పుడు తెలిసింది అసలు సంగతి. ఈ పడవలో కూర్చున్నవాళ్ళ మొహాలు వెనక్కి ఉంటాయి, పడవ వాళ్ళ వీపుల వైపుకి పోతుంది. కోచ్ మేడమ్ మోటారు పడవలో వెంట వస్తూ మైకులో ఎటు పోవాలో చెబుతుంది. ఆవిడ చెప్పినట్టు లాగడమే వీళ్ళ పని.

ఇద్దరు నడిపే పడవ అది. ఆయనకు ఎదురుగా, ఆయనకు వీపు పెట్టి కూర్చునేది టైలరమ్మ. పుట్టుకతోనే చూపు లేదు. లంగా నాడాల దగ్గర్నుంచి కోటు కాలర్ల దాకా వేళ్ళతోనే తడుముకుని కుడుతుంది. ఆమె లాగిన లెక్కకు ఆయన లాగాలి. అంటే ఆమె వీపును చూస్తూ ఆమె ఊపు పట్టుకోవాలి.

పట్టుకుంటేగా. నాలుగు లాగులు లాగి మెడ వెనక్కి తిప్పేవాడు, ఎదురుగా ఏమొస్తోందో చూద్దామని. మెడతో పాటు భుజం తిరిగేది, ఒక తెడ్డు నీళ్ళలో కూరుకుపోయేది, పడవ గిర్రున పక్కకు తిరిగేది. ప్రతిసారీ ఇదే తంతు. పైగా పడవే సరిగ్గా లేదనేవాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

"అన్నా, మీరు అద్దం కోసం వెతుకుతున్నారు. ఇక్కడ అద్దం లేదు" అంది ఓ రోజు టైలరమ్మ, రెల్లుపొదల్లోకి దూసుకుపోయిన పడవలో ఆకులు దులుపుకుంటూ.

"ముందు చూడకుండా బండి నడిపితే కేసు పెడతారమ్మా."

"నేను పుట్టినప్పటి నుంచీ అలాగే నడుస్తున్నా. ఎవరూ పెట్టలేదు."

కోచ్ మేడమ్ మాత్రం నవ్వలేదు. ఇంకోసారి తిరిగితే టైలరమ్మ వెనక కూర్చోబెట్టలేనని, ఆమెకూ ప్రమాదమేనని ఖచ్చితంగా చెప్పేసింది. ఆ రాత్రి డ్రైవరు అక్కతో, "రేపొక్కరోజు వస్తా. కుదరకపోతే ఇక నన్ను మంచం దించొద్దు" అన్నాడు. తమ్ముడు తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకమని తెలిసిన అక్క మాట పెంచకుండా లేచింది. వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

మర్నాడు ఎగువనున్న మలుపు దాకా బాగానే వెళ్ళారు. తిరుగుదారిలో రాతి వంతెన వస్తుంది, దాని నడిమి కమాను కింద దూరితే అవతల రేవు. వంతెన ఇంకా దూరంగా ఉండగానే మోటారు పడవ చప్పుడు ఆగిపోయింది. ఇంజను ఫ్యానుకు నాచు చుట్టుకుంది. మేడమ్ మైకులో "ఆగొద్దు, ఆగితే నీళ్ళు మిమ్మల్ని స్తంభాల మీదకి తోస్తాయి, తిన్నగా లాగండి" అంటూనే ఉంది, ఆ గొంతు చిన్నదైపోతూనే ఉంది. కాసేపటికి అదీ వినిపించలేదు.

డ్రైవరు మెడ తనంతట తనే తిరగబోయింది.

"తిరగొద్దన్నా" అంది టైలరమ్మ, ఊపు తప్పకుండానే. "మీకు కనిపించేది మీరు చూడండి. వినిపించేది నేను చూసుకుంటా."

ఏం కనిపిస్తోంది తనకి? ఆమె వీపు. ఆమెకు అవతల నది, దూరంగా ఇటుకల ఫ్యాక్టరీ చిమ్నీ. రోజూ కమాను కింద దూరేటప్పుడు ఆ చిమ్నీ సరిగ్గా ఆమె నడినెత్తి మీద నిలబడి ఉంటుంది. రోజూ చూస్తున్నదే, ఇవాళ్టిదాకా బుర్రకెక్కలేదు. ఇప్పుడది ఆమె ఎడమ చెవి పైన ఉంది.

"ఎడమ పక్క రాయి దగ్గరవుతోంది" అంది ఆమె. "మన తెడ్ల చప్పుడు అటు నుంచి ముందే తిరిగొస్తోంది."

ఆయన కళ్ళు, ఆమె చెవులు ఒకే మాట చెప్పాయి. ఇద్దరూ ఎడమ తెడ్డు గట్టిగా లాగారు. చిమ్నీ మెల్లగా జరుగుతూ జరుగుతూ వచ్చి ఆమె నెత్తి మీద నిలబడింది. ఆమె భుజాలు ముందుకు వెళితే ఆయన భుజాలూ వెళ్ళాయి, ఆమె లాగితే ఆయన లాగాడు. తెడ్లు నీళ్ళలో దిగే చప్పుడు నాలుగు కాదు, ఒక్కటే. ఇన్నేళ్ళూ జనాన్ని ఎక్కించుకుని తిప్పినవాడే, కానీ ఇంకో మనిషితో కలిసి ఇలా ఒక్క ఒళ్ళయి కదలడం ఆయనకు తెలియదు.

ఉన్నట్టుండి వీపుకు చల్లగా తగిలింది. నీడ. గుహలో లాగా చప్పుడంతా మీదికి వచ్చింది, రాతి మీద నీటి వెలుగులు పాకుతున్నాయి. ఆయన మెడ కదలలేదు. కళ్ళ నిండా నీళ్ళు నిలిచాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఎండ ముందు ఆయన మీద పడింది, తర్వాత ఆమె మీద.

రేవు పక్కగా వచ్చింది. అక్క చెప్పులు చేత్తో పట్టుకుని, నీళ్ళంచుదాకా వచ్చి నిలబడి ఉంది. రేవు వెనక్కి జరిగింది.

"అన్నా, రేవు దాటేసినట్టున్నాం" అంది టైలరమ్మ.

"దాటేశాం."

"మరి ఆపలేదేం?"

"ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క స్టాపు కూడా దాటించలేదమ్మా" అన్నాడు డ్రైవరు, తెడ్లు మళ్ళీ ముందుకు చాపుతూ. "ఇవాళ ఆపబుద్ధి కావడం లేదు."